వాడిన స్టాక్స్ హెడ్‌ఫోన్ కొనబోయే పిల్లలకు

పిల్లలూ,

మీరిద్దరూ డబ్బు కూడబెట్టుకుని జపాన్ నుంచి అక్కడి స్టాక్స్ కంపెనీ వాళ్ల వాడిన హెడ్‌ఫోన్, దానికో ఆంప్లిఫయర్ (ఆంప్) తెప్పించుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఫొటోలు కూడా పంపింది. చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఆంప్ ముందువైపు ఫొటోలు నాలుగున్నాయి, వెనకవైపుది ఒక్కటీ లేదు. డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదవండి.

ముందు నాకు జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి ఆంప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానికి మన గోడ సాకెట్లో చక్కగా పట్టే ప్లగ్ ఉంది. ప్లగ్ ఇక్కడిదే కాబట్టి ఎవరో ఇక్కడ వాడినదే అనుకున్నాను, మరేమీ చూడలేదు. స్విచ్ వేయగానే లోపల ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మని మూలిగింది. రెండు మూడు సెకన్లలో కాలిన వార్నిష్ వాసన వచ్చింది, ఆ తర్వాత ఫ్యూజు కొట్టేసింది. అప్పుడు టార్చి వేసి వెనక చూస్తే, ఫ్యూజు పక్కన చిన్న అక్షరాల్లో 100 వోల్టులు అని ఉంది. పాత ప్లగ్ కోసేసి కొత్తది బిగించారు, అంతే. గోడలో 230 వోల్టులు. ఫ్యూజు మార్చినా ఆంప్ మళ్లీ లేవలేదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి జోడు ఎక్కడా దొరకలేదు. హెడ్‌ఫోన్ ఎనిమిది నెలలు పెట్టెలోనే ఉండిపోయింది.

ఈ హెడ్‌ఫోన్ల విషయంలో వోల్టేజీ మూడు చోట్ల కుదరాలి: గోడ దగ్గర, హెడ్‌ఫోన్ లోపలి పొర దగ్గర, పాట సిగ్నల్ దగ్గర. ఒక్కచోట తేడా వచ్చినా సరుకు పాడవుతుంది, లేకపోతే సరిగ్గా పలకదు. చెవి దగ్గర నుంచి మొదలుపెట్టి గోడ దాకా వెళదాం.

మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. వీటిలో అవేవీ ఉండవు. చిల్లులున్న రెండు పలకల మధ్య ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉండే పొర బిగించి ఉంటుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో పొర ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ పొర మీద ఎప్పుడూ స్థిరమైన చార్జి నిలబెట్టాలి. దాన్నే బయాస్ అంటారు. రెండు పలకలకూ పాట సిగ్నల్‌ని ఎదురెదురుగా ఇస్తే, ఒక పలక పొరను లాగుతుంది, ఇంకోటి నెడుతుంది. పొర మొత్తం ఒకేసారి కదులుతుంది, దానికి బరువు లేనట్టే. వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు, పాడేవాళ్లు ఊపిరి తీసుకున్న చప్పుడు అంత దగ్గరగా వినిపించేది అందుకే.

అయితే అలా లాగడానికి చాలా వోల్టేజీ కావాలి. స్టాక్స్ వాళ్ల లెక్కలో 100 డెసిబెళ్లు రావాలంటే సుమారు 100 వోల్టుల సిగ్నల్ అవసరం. మామూలు హెడ్‌ఫోన్లలో చాలావాటికి అంత శబ్దం రావడానికి ఒక వోల్టు కూడా అక్కర్లేదు. అందుకే ఫోనుకో, మామూలు హెడ్‌ఫోన్ ఆంప్‌కో ఇది తగిలించలేం, దీనికంటూ ప్రత్యేకమైన ఆంప్ ఉండాల్సిందే. స్టాక్స్ 1960లో మొదటి మోడల్ తెచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

ఇక బయాస్. పాత స్టాక్స్ మోడళ్లకి 230 వోల్టుల బయాస్ కావాలి, దాన్ని నార్మల్ బయాస్ అంటారు. తర్వాత వచ్చిన ప్రో బయాస్ 580 వోల్టులు. గోడలో 230, నార్మల్ బయాస్ కూడా 230, ఇది చూసి కొందరు రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి ఏసీ కరెంటు, ఇంకోటి ఆంప్ లోపల తయారయ్యే డీసీ. వాటికి సంబంధమే లేదు.

తేడా పట్టడం సులువే, ప్లగ్‌లో పిన్నులు లెక్కపెట్టండి. ఆరు ఉంటే నార్మల్, అయిదు ఉంటే ప్రో. ఆరో పిన్ను సరిగ్గా మధ్యలో ఉంటుంది, ప్రో సాకెట్‌కి అక్కడ చిల్లు ఉండదు కాబట్టి పాత హెడ్‌ఫోన్‌ని 580 వోల్టుల్లో పెట్టడం కుదరదు. ఆ మధ్య పిన్ను కత్తిరించో, సాకెట్‌కి చిల్లు పెట్టో దూర్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పాత మోడళ్లలో పొరకీ పలకకీ మధ్య సందు తక్కువ, అంత వోల్టేజీకి పొర పలకకి అంటుకుపోవచ్చు, నిప్పురవ్వ పుట్టి చిల్లు పడొచ్చు. ప్రో ప్లగ్ మాత్రం నార్మల్ సాకెట్లో పడుతుంది. దానివల్ల ప్రమాదం లేదు, కానీ బయాస్ చాలక శబ్దం నీరసంగా వస్తుంది. అది విని హెడ్‌ఫోన్ పాడైందని తక్కువకి అమ్మేసుకున్నవాళ్లూ ఉన్నారు. కాస్ అనే ఇంకో కంపెనీ ఈఎస్‌పీ 950 లాంటివి ఇంకో దారి. వాటి ప్లగ్ వేరు, ఆంప్ వేరు, రెండూ కలిపే కొనాలి.

ఆంప్‌కి బదులు స్పీకర్ ఆంప్‌కి తగిలించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలు కూడా అమ్మకానికొస్తాయి, ఎస్ఆర్‌డీ 7 లాంటివి. అవి స్పీకర్ టెర్మినళ్లకే కలపాలి. వాటిలో కొన్ని బయాస్ కోసం గోడ కరెంటు తీసుకుంటాయి, ఎస్‌బీ అని ఉన్నవి పాట సిగ్నల్ నుంచే తయారు చేసుకుంటాయి. కరెంటు తీగ ఉన్న పెట్టె అయితే దాని వోల్టేజీ కూడా చూడాలన్నమాట.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం, మీ కొనుగోలులో అసలు గండం ఇక్కడే ఉంది. జపాన్‌లో ఇళ్లకి వచ్చేది 100 వోల్టులు. ప్రపంచంలో చాలా చోట్ల 220 నుంచి 240 దాకా. అమెరికాలో 120. కరెంటు ఫ్రీక్వెన్సీ జపాన్‌లో తూర్పు భాగాన 50 హెర్ట్జ్, పడమర 60 హెర్ట్జ్ ఉంటుంది కాబట్టి అక్కడి ఆంప్‌లు సాధారణంగా రెండింటికీ సరిపడేలా చేస్తారు, ఆ విషయంలో దిగులు అక్కర్లేదు. అమెరికా కోసమే చేసి 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉన్న ఆంప్ అయితే 50 హెర్ట్జ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కవచ్చు. కొన్ని పాత స్టాక్స్ ఆంప్‌లలో లోపల తీగలు మార్చి 100 నుంచి 240 దాకా కుదుర్చుకునే వీలుండేది. అన్నిటిలోనూ ఉండదు. ఉందని అమ్మేవాళ్లు అంటే, మూత తీసిన ఫొటో అడగండి. మార్చే పని మాత్రం మీరు చేయొద్దు. లోపల కొన్ని వందల వోల్టులుంటాయి, స్విచ్ తీసేసి ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కొంతసేపు అలాగే నిలిచి ఉంటాయి. వాల్వు రేడియోలు బాగుచేసి చేయి తిరిగిన మనిషికే ఇవ్వండి. 230కి మార్చిన తర్వాత ఫ్యూజు విలువ కూడా దాదాపు సగానికి తగ్గించాలి, ఆ మాట గుర్తుచేయండి.

మార్చే వీలు లేకపోతే వోల్టేజీని దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎక్కువగా దొరికేవి 110 వోల్టులు ఇచ్చేవి. మీ ఆంప్‌కి కావలసింది 100. పది వోల్టులేగా అనిపిస్తుంది. కానీ గోడలో ఎప్పుడూ సరిగ్గా 230 ఉండదు. రాత్రిపూట లోడు తగ్గి 245కి ఎక్కిందనుకోండి, అప్పుడు ఆ 110 కాస్తా 117 అవుతుంది. వాల్వు ఆంప్ అయితే వాల్వుల ఫిలమెంటుకి (లోపల వేడెక్కే తీగకి) 6.3 వోల్టులు వెళ్లాల్సిన చోట 7.4 దాకా వెళతాయి. ఆ రోజే ఏమీ కాదు, వాల్వుల ఆయుష్షు కరిగిపోతుంది, కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. 230 నుంచి సరిగ్గా 100కి దించేది అడిగి చేయించుకోండి. దాని మీద అదే 245 వచ్చినా బయటికి 107 లోపే వస్తుంది. ఆంప్ వెనక రాసిన వాట్లకి కనీసం రెట్టింపు వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు) ఉండేది తీసుకుంటే చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తుంది.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ తక్కువకి వస్తుంది, కానీ నాకిష్టం లేదు. అందులో రెండు వైపులకీ ఒకటే తీగచుట్ట. అది తెగకూడని చోట తెగితే గోడలోని వోల్టేజీ నేరుగా ఆంప్‌లోకి వచ్చేస్తుంది. రెండు చుట్టలూ విడివిడిగా ఉండే ఐసొలేషన్ రకం కొనండి. ప్రయాణాల్లో ఇస్త్రీపెట్టె కోసం వాడే, అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లున్నాయే, వాటిని దీని దగ్గరికి రానివ్వకండి. అవి కరెంటు అలను ముక్కలుగా కోస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌కి అది పడదు.

హెడ్‌ఫోన్ సంగతి. స్టాక్స్ వాళ్ల పాత లాంబ్డా మోడళ్లలో చెవి మెత్తల వెనక స్పాంజి ఉంటుంది, ఏళ్లు గడిస్తే అది పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి డ్రైవర్ (పొర, పలకలు ఉండే భాగం) మీద పడకుండా ముందే తీసేశారా అని అడగండి. తల మీది ప్లాస్టిక్ వంపు దగ్గర పగుళ్లుంటాయి, దగ్గరగా తీసిన ఫొటో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా రెండు చెవులూ సమానంగా పలుకుతున్నాయా అని అడగండి. స్విచ్ వేసిన వెంటనే కాదు, అరగంట ఆగాక. చార్జి కారిపోయే పొర మొదట బాగానే పలికి మెల్లగా వెనకబడుతుంది. మీ చేతికొచ్చాక ఒక పక్క తగ్గితే, ఆంప్ వెనక కుడి ఎడమ వైర్లు మార్చి చూడండి. తగ్గుదల రెండో చెవికి మారితే తప్పు పాట వచ్చే వైపున ఉన్నట్టు. అదే చెవిలో ఉండిపోతే ఆంప్‌లోనో హెడ్‌ఫోన్‌లోనో ఉన్నట్టు.

చెవికి అదిమినప్పుడు టప్‌మని చిన్న శబ్దం రావచ్చు, గాలి ఒత్తిడికి పొర కదలడమే అది, భయపడకండి. దుమ్ము మాత్రం దీనికి పరమ శత్రువు, చార్జి ఉన్న పొర దాన్ని పిలిచి మరీ పట్టుకుంటుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి. నోటితో ఊదడం, వాక్యూమ్ పెట్టడం అసలు వద్దు. ప్లగ్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఆంప్ ఆపేసి ఉండాలి.

అమ్మేవాళ్లకి ఇవాళే రాయండి. ఆంప్ వెనక లేబుల్, హెడ్‌ఫోన్ ప్లగ్ పిన్నులు, ఈ రెండు ఫొటోలు రాగానే నాకు పంపండి. లేబుల్ మీద 100 అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ నేనే చేయించి పంపుతాను, అది నా వంతు. పెట్టె వచ్చాక విప్పి చూసుకోండి, చేత్తో పట్టుకోండి, స్విచ్ మాత్రం వెయ్యకండి. మల్టీమీటరు తీసుకుని ఆ ఆదివారం నేనొస్తాను.

ప్రేమతో,
మీ పెదనాన్న