సింహాల కన్నా పెదవి విరుపులే ఎక్కువ: తొలి సంఘం గురించి అపోహలు - వాస్తవాలు

క్రైస్తవ వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెప్పడం నా పని. ఏటా మొదటి తరగతిలో ఒకే ప్రశ్న వేస్తాను: తొలి మూడు శతాబ్దాల క్రైస్తవులు అనగానే మీ కళ్ళకు ఏమి కడుతుంది? జవాబూ ఏటా ఒకటే. సింహాలు, రోము క్రీడారంగం కొలోసియం, సొరంగాల్లో దీపం పెట్టుకుని దాక్కున్న విశ్వాసులు. వాళ్ళను తప్పుపట్టలేను, సండే స్కూల్లో నేనూ అదే నేర్చుకున్నాను. ఆ బొమ్మను చెరిపేయడానికి నాకు ఒక నెల పడుతుంది.

అపోహ: నీరో చక్రవర్తి నుంచి కాన్‌స్టంటైన్ చక్రవర్తి దాకా ఎడతెగని హింస.

క్రీ.శ. 64 జూలైలో రోము తగలబడింది. జనం తననే అనుమానిస్తుంటే నీరో ఆ నిందను క్రైస్తవుల మీదికి నెట్టాడు. జరిగింది ఘోరమే, కానీ అది రోము నగరం దాటలేదు. దేవతలకు బలి ఇచ్చి తీరాలని సామ్రాజ్యం మొత్తానికీ వర్తించే ఆజ్ఞ 250 ప్రాంతంలో, డీసియస్ చక్రవర్తి కాలంలో గానీ రాలేదు. మధ్యలోని కాలమంతా ఇక్కడొక ఊళ్ళో, అక్కడొక ఊళ్ళో రాజుకుని ఆరిన మంటలే: 155 ప్రాంతంలో స్ముర్నలో, 177లో లియోన్‌లో, 203లో కార్తేజ్‌లో. ఆపైన 260 నుంచి 303 వరకు నలభై ఏళ్ళకు పైగా దాదాపు ప్రశాంతమే. నికొమీడియాలో చక్రవర్తి భవనంలోంచి చూస్తే కనిపించే చోట చర్చి కట్టుకున్నారంటే ఎంత నిశ్చింతగా బతికారో ఊహించండి. 303 ఫిబ్రవరి 23న డయోక్లీషియన్ చక్రవర్తి మనుషులు మొదట కూల్చింది ఆ చర్చినే.

అపోహ: ప్రభుత్వం ఇల్లిల్లూ గాలించి పట్టుకునేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. 112 ప్రాంతంలో బితూనియ, పొంతు ప్రాంతాలను ఏలుతున్న ప్లినీ అనే అధికారి ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. క్రైస్తవులను ఏమి చేయాలో అతనికే తెలియదు. ఎవరో పేర్ల జాబితా పంపారు, కింద సంతకం లేదు. సంఘంలో పరిచారకులైన ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టి విచారిస్తే, మితిమీరిన మూఢనమ్మకం తప్ప ఇంకేమీ దొరకలేదని రాశాడు. చక్రవర్తి జవాబు క్లుప్తం: వెదికి పట్టుకోవద్దు, ఎవరైనా ఎదురుగా నిలబడి ఆరోపించి రుజువు చేస్తే శిక్షించు, మన దేవతలకు మొక్కితే వదిలేయి, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కచేయకు. ఈ తీర్పును కార్తేజ్ క్రైస్తవ రచయిత టెర్టూలియన్ తర్వాత బాగా ఎద్దేవా చేశాడు. దోషులైతే ఎందుకు వెదకరు, కాకపోతే ఎందుకు శిక్షిస్తారు అని.

మరి ఆరోపించేదెవరు? ఇరుగుపొరుగు. ప్లినీ ఉత్తరంలోనే ఒక ముక్క ఉంది: గుళ్ళు బోసిపోయాయి, బలి మాంసం కొనే నాథుడు లేడు, నేను వచ్చాక బేరం మళ్ళీ పుంజుకుంది. మతద్వేషం అని మనం ఒక్క మాటలో తేల్చేసే చోట అంగడి లెక్కలు కూడా ఉన్నాయి. ఎఫెసులో అర్తెమిదేవి వెండి గుళ్ళు చేసే దేమేత్రి తోటి పనివాళ్ళను పోగేసినప్పుడు ముందుగా ఎత్తింది దేవి మహిమను కాదు, తమ రాబడిని. ఆ గుంపులో చాలామందికి తామెందుకు వచ్చామో తెలియదని అపొస్తలుల కార్యములు చెబుతుంది. చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది.

అపోహ: సొరంగాల్లో దాక్కున్నారు, కొలోసియంలో చచ్చిపోయారు.

రోము చుట్టూ ఉన్న ఆ సొరంగాలు శ్మశానాలు. అధికారులకు తెలిసినవే, దాక్కోవడానికి పనికిరావు. ఇక కొలోసియం నీరో చచ్చిన తర్వాత కట్టినది. అక్కడే ఫలానా క్రైస్తవుణ్ణి చంపారని చెప్పే తొలికాలపు గట్టి ఆధారం లేదు.

అపోహ: వ్యతిరేకత అంటే కత్తే.

రోజూ ఎదురైనది కత్తి కాదు, వెక్కిరింత. రోములో పాలటైన్ కొండ మీద ఒక గోడ గీత దొరికింది. సిలువ మీద గాడిద తల మనిషి, పక్కన మొక్కుతున్న కుర్రవాడు, కింద "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని. పక్క గదిలో "అలెక్సమెనోస్ విశ్వాసి" అని ఇంకో రాత ఉంది. పండితుల వెక్కిరింత ఇంకొక రకం. ఉన్నితో పని చేసేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు ఇళ్ళల్లో చేరి పిల్లలకూ ఆడవాళ్ళకూ నూరిపోస్తున్నారని 178 ప్రాంతంలో గ్రీకు తత్త్వవేత్త సెల్సస్ రాశాడు. దానికి క్రైస్తవ పండితుడు ఓరిగెన్ జవాబు రాసేసరికి దాదాపు డెబ్బై ఏళ్ళు గడిచాయి. ఆ జవాబులో ఎత్తి చూపిన మాటల వల్లనే సెల్సస్ రాసింది మనకు మిగిలింది.

అపోహ: అందరూ హతసాక్షులే.

గ్రీకులో 'మార్టిస్' అంటే సాక్షి మాత్రమే. మన 'హతసాక్షి'లో చావూ సాక్ష్యమూ రెండూ ఉన్నాయి, మంచి మాట. అయితే ఆ పేరుకు తగినవాళ్ళు కొద్దిమందే. స్ముర్న బిషప్ పోలికార్పు మరణ వృత్తాంతంలోనే క్వింటస్ అనే మనిషి ఉన్నాడు. తనంతట తాను ఎదురువెళ్ళి అప్పగించుకున్నాడు, మృగాలను చూడగానే బెదిరి విశ్వాసం వదిలేశాడు. అలా ఎదురువెళ్ళడాన్ని మేము మెచ్చుకోము అని ఆ వృత్తాంతం రాసినవారే చెప్పారు.

డీసియస్ ఆజ్ఞ వచ్చినప్పుడు కార్తేజ్‌లో బలి ఇవ్వడానికి జనం ఎగబడ్డారు. పొద్దుపోయింది రేపు రండి అంటే, ఇప్పుడే కానివ్వండి అని బతిమాలారట. ఇది వాళ్ళ బిషప్ సిప్రియన్ రాసిన మాట. అప్పుడు ఆయన స్వయంగా అజ్ఞాతంలో ఉన్నాడు, కొందరు అందుకు దెప్పారు కూడా. 258లో మాత్రం పారిపోలేదు, తల ఇచ్చాడు. బలి ఇవ్వకుండానే, ఇచ్చామని చెప్పే ధ్రువపత్రం డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఈ బలి ధ్రువపత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఒకటి మొసలి దేవుడి గుడి పూజారిణిది! తన దేవుడికి మొక్కుతున్నానని ఆవిడ కూడా రుజువు చూపించాల్సి వచ్చింది. ఆజ్ఞ క్రైస్తవులకే కాదు, అందరికీ.

అపోహ: ఉదాసీనత ఈ కాలపు జబ్బు.

కొరింథులో పౌలును లాక్కొచ్చి నిలబెడితే రోమా అధిపతి గల్లియో అసలు కేసే వినలేదు. న్యాయపీఠం ఎదుటే సమాజమందిరపు అధికారి సోస్తెనేసును కొడుతున్నా పట్టించుకోలేదు. గల్లియో తత్త్వవేత్త సెనెకాకు అన్న. డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి ఆయన పదవీకాలం 51-52 ప్రాంతం. ఏథెన్సులో పౌలు మాటలు విని కొందరు నవ్వారు, కొందరు ఇంకోసారి వింటాం అన్నారు. యూదయ అధిపతి ఫేలిక్సు అయితే వీలు చిక్కినప్పుడు పిలిపిస్తానన్నాడు, రెండేళ్ళు జైల్లోనే ఉంచాడు. పౌలు మీద రాళ్ళు పడిన ఊళ్ళలో సంఘాలు మొలిచాయి. ఏథెన్సు సంఘానికి పౌలు రాసిన పత్రిక మాత్రం కొత్త నిబంధనలో లేదు.

బయటి సంగతి అలా ఉంచండి. 240 ప్రాంతంలో పాలస్తీనాలోని కైసరయలో ఓరిగెన్ ప్రసంగాలు చదవండి. పండుగలకు మాత్రమే వచ్చేవాళ్ళు, వాక్యం చదవగానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు, మందిరంలో దూరంగా ఒక మూల చేరి లోకాభిరామాయణం చెప్పుకునేవాళ్ళు. అందరినీ పేరుపేరునా కాకపోయినా చీవాట్లు పెట్టాడు. ఆ పేరా తరగతిలో చదివిన రోజు వెనక వరుసలో గుసగుసలు ఆగుతాయి, ఒక పది నిమిషాలు.