షీల్డ్ తీసేస్తే మిగిలేది మూడు జంపులే: ఎలీట్ డేంజరస్ దూరప్రయాణాలపై అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఎవరో ఒకరు సెంటర్‌కొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోన్‌లో ఎలీట్ డేంజరస్ అనే అంతరిక్ష ఆటలో తన షిప్ బిల్డ్ (ఏయే పరికరాలు పెట్టాడో ఆ జాబితా) చూపిస్తారు. "అన్నా, బీగల్ పాయింట్‌కి పోతాండా. ఒకసారి చూసి చెప్పు." బీగల్ పాయింట్ అంటే గెలాక్సీ అవతలి అంచు. నేను మొదట వెతికేది షీల్డ్ జనరేటర్, దెబ్బ నేరుగా షిప్‌కి తగలకుండా ఆపేది. ఉండదు. ఎందుకు పెట్టలేదంటే నలుగురిదీ ఒకటే మాట. "బరువన్నా. జంప్ రేంజ్ తగ్గిపోతాది." ఒక్క జంపులో షిప్ ఎంత దూరం పోగలదో అదే జంప్ రేంజ్.

తిరుపతి బైరాగిపట్టెడలో గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఎలీట్ డేంజరస్ 2015 నుంచి ఆడుతున్నాను. దూరం పోవాలనుకునే పిల్లలకు షిప్ సర్దిపెట్టడం, రూట్ చూసిపెట్టడం ఇన్నేళ్లుగా నా పనిలో భాగమైపోయింది. ఈ పదేళ్లలో నేను చూసిన నష్టాల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట వల్ల జరిగినవే. అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: ఎక్స్‌ప్లోరేషన్‌లో, అంటే కొత్త నక్షత్రాలూ గ్రహాలూ వెతుక్కుంటూ పోవడంలో, శత్రువులు ఉండరు, కాబట్టి షీల్డ్ దండగ. జంప్ రేంజే సర్వస్వం.

పోయినేడాది ఒక రాత్రి, పదకొండు దాటింది. షట్టర్ సగం దించేశాను. మూలనున్న సీటులో బీటెక్ రెండో సంవత్సరం అబ్బాయి ఒక్కడే మిగిలాడు. డైమండ్‌బ్యాక్ ఎక్స్‌ప్లోరర్ అనే షిప్‌లో నాలుగు నెలల కిందట బయల్దేరి, గెలాక్సీ కేంద్రం దాటి అవతలికి పోయి, తిరుగుముఖం పట్టి ఉన్నాడు. ఎఫ్ఎస్‌డీ (జంప్ చేయించే ఇంజన్) ఇంజెక్షన్‌కి, అంటే ఒక జంపు దూరం పెంచుకోవడానికి, ఆర్సెనిక్, పొలోనియం లాంటివి ఏరుకుందామని ఒక గ్రహం మీద దిగుతున్నాడు. ఇటుక రంగు నేల, వాతావరణం లేదు. గ్రావిటీ దగ్గర 3.2 అని, అంటే భూమికి మూడు రెట్ల పైన, కనబడుతోంది. నేను టీ గ్లాసులు కడుగుతూ అటు చూశాను. షిప్ ముక్కు కిందికి వంచి ఉంది, మామూలు గ్రహం మీద దిగినట్టే దిగుతున్నాడు. "ముక్కు ఎత్తురా" అని నేను అరిచేసరికి వాడూ ఎత్తాడు, కానీ షిప్ ఆగలేదు. ముక్కు పైకి చూస్తోంది, షిప్ కిందికి పోతోంది. ఎత్తు చూపించే అంకెలు చదవడానికి కూడా అందలేదు. షీల్డ్ లేదు, ఒక్క దెబ్బ. హల్, అంటే షిప్ ఒళ్లు, 70 శాతం నుంచి సున్నా.

పోయిన షిప్‌ని మళ్లీ కొనుక్కునే రీబై స్క్రీన్ వచ్చింది. వాడు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "అన్నా, అంతా పొయిండాది గదన్నా" అన్నాడు. షిప్ పోయినందుకు కాదు ఆ బాధ. షిప్ విలువలో 5 శాతం కడితే షిప్ తిరిగొస్తుంది. నాలుగు నెలలుగా స్కాన్ చేసి, ఇంకా ఎక్కడా అమ్మని డేటా మొత్తం పోయింది. భూమిలాంటి గ్రహాలు పదకొండు దొరికాయి వాడికి. వాటిని మొదట కనిపెట్టినవాడిగా తన పేరు పడాల్సింది. ఆ పదకొండూ మళ్లీ ఎవరివీ కాకుండా పోయాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ పుకారు నడిచేదంతా లెక్క వేయకపోవడం వల్లే. ఆ షిప్‌కి సరిపోయే 3డి (సైజు 3, డి రేటింగ్) షీల్డ్ జనరేటర్ బరువు 2 టన్నులు. ట్యాంకు నింపుకున్న డైమండ్‌బ్యాక్ సుమారు 330 టన్నులు. అంటే షీల్డ్ బరువు ఒక శాతం కూడా లేదు. 60 కాంతి సంవత్సరాల రేంజ్ ఉన్న షిప్‌కి తగ్గేది అర కాంతి సంవత్సరం లోపే. సోల్, అంటే మన సూర్యుడి నుంచి గెలాక్సీ నడిబొడ్డున ఉన్న సాజిటేరియస్ ఏ స్టార్‌కి దాదాపు 25,900 కాంతి సంవత్సరాలు. షీల్డ్ లేకుండా 432 జంపులు పడితే, షీల్డ్‌తో 435. మూడు జంపులు. జంపుకి నిమిషం వేసుకున్నా మూడు నిమిషాలు. మూడు నిమిషాలు మిగుల్చుకోవడానికి ఆ అబ్బాయి నాలుగు నెలలు పణంగా పెట్టాడు, అదీ తనకు తెలియకుండానే. వాడికి సలహా ఇచ్చినవాళ్ల మీద నా కోపం అందుకే.

ఈ సలహా ఎక్కడిదంటే, ఆట మొదటి సంవత్సరానిది. 2015 డిసెంబర్‌లో హొరైజన్స్ అనే అదనపు భాగం వచ్చేదాకా గ్రహాల మీద దిగే వీలే లేదు. అప్పుడు షీల్డ్ లేకపోయినా పెద్దగా పోయేదేం లేదు, జంప్ చేయడం, స్కాన్ చేయడం, ముందుకు పోవడం, అంతే. 2021లో ఒడిస్సీ అనే ఇంకో భాగం వచ్చాక డబ్బంతా నేల మీదే ఉంది. స్ట్రాటమ్ టెక్టోనికాస్ అనే ఒక్క జీవజాతి మూడు నమూనాలు తీసుకొస్తే కోటీ తొంభై లక్షల క్రెడిట్లు (ఆటలో డబ్బు). మొదట నమోదు చేసింది మీరే అయితే దానికి ఐదు రెట్లు. రోజుకి పది గ్రహాల మీద దిగుతారు. జీవజాతులుండే గ్రహాల్లో గ్రావిటీ తక్కువే, కానీ షీల్డ్ లేకపోతే ప్రతి రాయీ, ప్రతి గట్టూ హల్‌ని కొంచెం కొంచెం గీకుతూనే ఉంటుంది. పదేళ్ల కిందటి మాట పట్టుకుని ఈరోజు ప్రయాణానికి పోతే ఎట్లా?

అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్‌లో బ్యాగు ఇచ్చేసి 3,550 మెట్లూ చేతులూపుకుంటూ ఎక్కొచ్చు, ఎందుకంటే కొండమీద మళ్లీ మన బ్యాగు మన చేతికొస్తుంది. ఇక్కడ అట్లా కాదు. దారిలో కొలోనియా అనే జనావాసం ఉంది, దాదాపు 22,000 కాంతి సంవత్సరాల దూరంలో. కేంద్రం పక్కన ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్ అనే స్టేషన్ ఉంది. అవి దాటాక బయల్దేరినప్పుడు ఏది వదిలేశారో అది లేకుండానే తిరిగి రావాలి.

షిప్‌ని నెట్టే, ఆపే థ్రస్టర్ల విషయమూ ఇంతే. డి రేటింగ్‌వి పెట్టండి, తేలిక. కానీ సైజు తగ్గించొద్దు. చిన్న థ్రస్టర్లతో 3 జీ, అంటే భూమికి మూడు రెట్ల గ్రావిటీ ఉన్న గ్రహం మీద దిగడమంటే బ్రేకులు సరిగా పడని బండితో కొండ ఘాట్ దిగడమే.

దిగేముందు సిస్టమ్ మ్యాప్‌లో గ్రావిటీ చూడండి. 1 దాటితే జాగ్రత్త, 2 దాటితే అవసరం ఉంటేనే దిగండి. ఆటలో అకెనార్ 3 అనే గ్రహం 6.7 జీ, దాని మీద దిగడం ఒక పరీక్షలా పెట్టుకుంటారు కొందరు. అమ్మని డేటా చేతిలో ఉండగా అలాంటి పరీక్షలు వద్దు. షిప్ పవర్ పంచే పిప్స్‌లో నాలుగు షీల్డ్ వైపు, అంటే సిస్‌కి పెట్టండి. ముక్కు ఎప్పుడూ దిగంతం మీదే ఉంచండి. ముక్కు వంచి దిగితే వేగం మీ చేతిలో ఉండదు. ఎత్తు రెండు కిలోమీటర్లు ఉన్నప్పుడే థ్రాటిల్ సున్నా చేసి, కిందికి నెట్టే బటన్‌ని ఒక్కో తట్టుగా తట్టండి. తట్టి, వేగం చూసి, మళ్లీ తట్టాలి. షిప్ కదలికను దానంతటదే అదుపు చేసే ఫ్లైట్ అసిస్ట్‌ని ఆపొద్దు. ఒక్క దిగడానికి పదినిమిషాలు పట్టినా పట్టనీయండి.

అపోహ: స్కాన్ చేసిన డేటా ఆటలో సేవ్ అయిపోతుంది.

మ్యాప్‌లో మీకు కనబడుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. స్టేషన్‌లో యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్‌కి అమ్మేదాకా అది మీది కాదు. షిప్ పేలితే పోతుంది. జీవజాతుల నమూనాలదీ అదే దారి, విస్టా జినోమిక్స్‌లో ఇచ్చేదాకా. అందుకే దారిలో ఎక్కడ వీలైతే అక్కడ అమ్మండి. కొలోనియాలో, ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్‌లో ఆగండి. డీప్ స్పేస్ సపోర్ట్ అర్రే పేరుతో ఆటగాళ్లు తమ ఫ్లీట్ క్యారియర్లను (వేరే షిప్‌లు దిగగలిగే పెద్ద ఓడలను) గెలాక్సీ నలుమూలలా నిలిపారు. వాటిలో అమ్మితే కొంత కోత పడుతుంది, పడనివ్వండి. అది ఇంకా అక్కడే ఉందో లేదో మాత్రం బయల్దేరేముందు చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు జనం మూగే సిస్టమ్స్‌కి నేరుగా రావొద్దు. నెలల డేటాతో వచ్చేవాళ్ల కోసం కాచుకుని కూర్చునే ఆటగాళ్లు ఉంటారు. మెయిన్ మెనూకి పోయి, వేరే ఆటగాళ్లు ఎదురుపడని సోలోలో లాగిన్ అవ్వండి. సోలోలో ఆడితే క్రెడిట్లు తగ్గుతాయన్నది వట్టి మాట. పేరూ అదే పడుతుంది, డబ్బూ అంతే వస్తుంది.

అపోహ: నక్షత్రం ఏదైనా ఇంధనం దొరుకుతుంది.

దొరకదు. ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం. ఈ ఏడు రకాలే. ఎల్, టి, వై రకం బ్రౌన్ డ్వార్ఫ్‌లలో దొరకదు, టి టారీ, వోల్ఫ్ రాయే, న్యూట్రాన్, వైట్ డ్వార్ఫ్ వేటిలోనూ దొరకదు. గెలాక్సీ మ్యాప్‌లో స్టార్ క్లాస్ ఫిల్టర్ పెట్టి, రూట్‌కి కూడా అది వర్తించేలా టిక్ చేయండి. నక్షత్రం నుంచి ఇంధనం తోడుకునే ఫ్యూయల్ స్కూప్ బరువు సున్నా, కాబట్టి స్లాట్‌లో పట్టినంత పెద్దది పెట్టండి. ఇంకో ట్యాంకు మోసుకుపోవడం అనవసరం.

2017లో నాకే ఇది జరిగింది. వరసగా టి రకం నక్షత్రాలు తగిలాయి, ట్యాంకు అడుగంటింది, ఆక్సిజన్ గడియారం మొదలైంది. ఇంధనం అయిపోయినవాళ్లకి తెచ్చి పోసే ఆటగాళ్ల బృందం ఫ్యూయల్ రాట్స్‌ని పిలిచాను. వాళ్లు మొదట చెప్పింది, "వెంటనే మెయిన్ మెనూకి వెళ్లిపో" అని. బయటికి వచ్చేస్తే ఆ గడియారం ఆగుతుంది. వాళ్లు దగ్గరికొచ్చి చెప్పాకే మళ్లీ లోపలికి పోవాలి. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చున్న ముగ్గురు మనుషులు నాకోసం రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. పైసా అడగలేదు. ఆ రాత్రి నుంచి మా సెంటర్ గోడ మీద ఆ ఏడు అక్షరాలూ రాసి అంటించాను. దాని కిందే ఇంకో లైను: ఆక్సిజన్ గడియారం కనబడితే ముందు బయటికి రా, తర్వాత రాట్స్‌ని పిలువు.

మిగతావి గబగబా. బ్లాక్ హోల్ మిమ్మల్ని లాగేసుకోదు, ఈ ఆటలో దాని దగ్గరికి పోతే సూపర్‌క్రూజ్ (సిస్టమ్ లోపల వేగంగా పోయే పద్ధతి) లోంచి బయట పడతారు, అంతే. నిజంగా భయపడాల్సింది వైట్ డ్వార్ఫ్‌లకి. న్యూట్రాన్ నక్షత్రం చిమ్మే కోన్‌లోంచి పోతే జంప్ రేంజ్ నాలుగు రెట్లవుతుంది, వైట్ డ్వార్ఫ్‌లో ఒకటిన్నర రెట్లే. ఆ కాస్త లాభానికి దాని కోన్‌లో చిక్కుకుని షిప్‌లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. దాని జోలికి పోవద్దు. న్యూట్రాన్ వాడితే ప్రతిసారీ ఎఫ్ఎస్‌డీ కొద్దిగా అరుగుతుంది, ఏఎఫ్ఎంయూ అనే రిపేర్ పరికరంతో బాగుచేసుకోవచ్చు. ఏఎఫ్ఎంయూ తనను తాను బాగుచేసుకోలేదు కాబట్టి రెండు పెట్టండి. అది హల్‌ని బాగుచేయదు, దానికి రిపేర్ లింపెట్ (చిన్న డ్రోన్) కంట్రోలర్ కావాలి. లింపెట్లు అయిపోతే ఇనుము, నికెల్‌తో దారిలోనే చేసుకోవచ్చు. కరెంటు పోతే డేటా పోదు, అదంతా సర్వర్‌లో ఉంటుంది, షిప్ పేలితేనే పోతుంది. మా వీధిలో వాన పడితే కరెంటు పోతుంది, ఇన్నేళ్లలో ఒక్క స్కాన్ కూడా దానివల్ల పోలేదు.

భయపడుతూ వచ్చేవాళ్లకి ఇంకో మాట. మొన్న చిత్తూరు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "సార్, వీడు ఆరు నెలలు యాడికో పోతానంటాండాడు. ఇంటర్ పరీక్షలు ఉండాయి. మధ్యలో ఆపితే అంతా పోతాదంట, రోజూ కూర్చోవాలంట." వాడికి ఎవరు చెప్పారో గానీ, ఆమె ముఖం చూస్తే నాకు చాలా బాధేసింది. అమ్మా, ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది షిప్ అని చెప్పాను. ఖాళీ ఆకాశంలో లాగౌట్ అయి, పరీక్షలన్నీ రాసి మూడు నెలల తర్వాత వచ్చినా అదే చోట, అదే ఇంధనంతో ఉంటుంది. తినదు, అరగదు, ఎవరూ కొట్టరు. ఆమె ఎదురుగానే లాగౌట్ చేయించి, పది నిమిషాలాగి మళ్లీ లాగిన్ చేయించి చూపించాను. బీగల్ పాయింట్ 65,000 కాంతి సంవత్సరాల పైచిలుకు, నిజమే. కానీ దానికి గడువు లేదు. 2019 జనవరిలో డిస్టెంట్ వరల్డ్స్ 2 అనే సామూహిక యాత్రలో వేలమందిమి కలిసి బయల్దేరాం, దారిలో వారాల తరబడి ఆగిపోయి మళ్లీ వచ్చి కలిసినవాళ్లు ఎంతమందో.

ఆ బీటెక్ అబ్బాయి రెండు నెలలు ఆట ముట్టుకోలేదు. తర్వాత ఒకరోజు వచ్చి, "మళ్లీ పోతానన్నా, పక్కన కూర్చో" అన్నాడు. ఇద్దరం కలిసి బిల్డ్ చేశాం. 3డి షీల్డ్, పూర్తి సైజు థ్రస్టర్లు, రెండు ఏఎఫ్ఎంయూలు, ఖాతాలో మూడు రీబైలకి సరిపడా క్రెడిట్లు. బయల్దేరేముందు ఇక్కడే 2.1 జీ గ్రహం ఒకటి వెతికి, డేటా ఏమీ లేనప్పుడే, పదహారుసార్లు దించాడు, లేపాడు. మొదటి మూడుసార్లు షీల్డ్ పోయింది, హల్ మిగిలింది. పోయినవారం ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్‌లో దిగి, అప్పటిదాకా చేసిన డేటా అంతా అమ్మేసి, ఆ స్క్రీన్ ఫోటో పంపాడు. భూమిలాంటివి నాలుగు, నాలుగింటి మీదా వాడి పేరే.