రక్తంలో నీళ్లు నిలిపేది ఎవరు?

చిరంజీవులకు ఆశీస్సులు.

రక్తం అనగానే మీకు ఎర్రకణాలే గుర్తొస్తాయి. కానీ రక్తంలో సగానికి పైగా, దాదాపు 55 శాతం, ప్లాస్మా అనే లేత పసుపు ద్రవమే. అందులో 90 శాతానికి పైగా నీళ్లు. ప్రతి 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో 6 నుంచి 8 గ్రాముల ప్రోటీన్లు కరిగి ఉంటాయి. వాటిలో సగానికి మించి ఆల్బుమిన్ అనే ఒక్కటే! అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

మనం తిన్న ప్రోటీను నేరుగా రక్తంలో కలవదు. పేగుల్లో అమినో ఆమ్లాలుగా విడిపోయి కాలేయానికి చేరుతుంది. అక్కడి కణాలు జన్యువులోని సూచన ప్రకారం ఆ ఆమ్లాలను ఒక వరసలో గుచ్చుతాయి. మొదట తయారయ్యే గొలుసులో 609 ఉంటాయి. కణం లోపలే ముందు 18, తర్వాత 6 కత్తిరించేస్తే, 585 అమినో ఆమ్లాల ఆల్బుమిన్ సిద్ధం. పెద్దవాళ్లలో కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాములు చేస్తుంది. దాచుకోదు, చేసింది చేసినట్టు రక్తంలోకి వదిలేస్తుంది.

ఇక దాని పని చూడండి. గుండె నెట్టే ఒత్తిడికి సన్నని రక్తకేశనాళికల గోడల్లోంచి నీళ్లు బయటికి ఊరుతూనే ఉంటాయి. ఆల్బుమిన్ అణువు పెద్దది కాబట్టి చాలావరకు లోపలే ఉండిపోయి, నీటిని తనవైపు లాగుతుంది. ప్లాస్మా ప్రోటీన్లన్నిటి లాగుడు సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడికి సమానం. అందులో ముప్పాతిక వంతు ఆల్బుమిన్‌దే. ఈ రెండు ఒత్తిళ్ల లెక్కను 1896లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త వివరించాడు. అప్పటికీ బయట మిగిలిన కాసిని నీళ్లను లింఫ్ నాళాలు తిరిగి రక్తంలో కలుపుతాయి. కొవ్వు ఆమ్లాలనూ, బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థాన్నీ, ఎన్నో మందులనూ మోసుకెళ్లేది కూడా ఈ ఆల్బుమినే.

ప్లాస్మాలోని మిగతా ప్రోటీన్లలో ఫైబ్రినోజెన్ అనేదాన్ని గాయమైనప్పుడు త్రాంబిన్ అనే ఎంజైమ్ కత్తిరిస్తుంది. ఆ ముక్కలు దారాల్లా అల్లుకుని రక్తం గడ్డకడుతుంది. రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలను మాత్రం కాలేయం చేయదు, బి లింఫోసైట్లు అనే తెల్లకణాల నుంచి పుట్టిన ప్లాస్మా కణాలు చేస్తాయి.

ఆల్బుమిన్ బాగా తగ్గితే పాదాలు వాస్తాయి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. దానికి తిండి సరిపోకపోవడమే కారణం అనుకోకండి. కాలేయం గట్టిబడి తయారీ తగ్గి ఉండొచ్చు. మూత్రపిండాల వడపోత దెబ్బతిని మూత్రంలో పోతూ ఉండొచ్చు, అప్పుడు మూత్రం బాగా నురగ కడుతుంది. ఒంట్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది. గుండె జబ్బు వల్ల కూడా కాళ్లు వాస్తాయి కనుక, వాపును బట్టే ఆల్బుమిన్ తగ్గిందని తేల్చలేం. అందుకే వైద్యులు రక్తంతో పాటు మూత్రాన్నీ పరీక్షిస్తారు.

ఒక చిక్కు ఉంది. రక్తంలోని ఆల్బుమిన్ సగానికి తగ్గడానికి సుమారు 20 రోజులు పడుతుంది. కాలేయం హఠాత్తుగా పాడైతే మొదటి రోజుల్లో ఆల్బుమిన్ మామూలుగానే కనిపించవచ్చు. కానీ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ‘ఏడో కారకం’ అనే ప్రోటీను, అదీ కాలేయమే చేసేది, కొద్ది గంటల్లోనే సగమైపోతుంది. కాబట్టి అలాంటప్పుడు రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలుస్తారు. అయితే విటమిన్ కె లోపించినా ఆ సమయం పెరుగుతుంది, దాన్ని కూడా చూసుకోవాలి.

మీ తాతయ్య