చెక్క తెరచాప ఓడల మోడళ్లు: అపోహలు, వాస్తవాలు

చెక్కతో తెరచాప ఓడ కడదామని ఉత్సాహంగా కిట్ తెచ్చుకుని, సగం పలకలు అంటించాక పెట్టెలో పెట్టి అటకెక్కించినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో పనితనం లేక ఆపేసినవాళ్లు తక్కువ. మొదట్లో ఎవరో చెప్పిన తప్పుడు మాట నమ్మి, దాని వల్ల వచ్చిన చిక్కు ఎలా విప్పుకోవాలో తెలియక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. నాకు తరచుగా వినబడే అపోహల్ని ఇక్కడ రాస్తున్నాను. స్కేల్ గురించి, అంటే అసలు ఓడని మోడల్‌లో ఎన్నో వంతుకి తగ్గించామన్న లెక్క గురించి, ఆలోచించకపోవడం వల్లే వీటిలో చాలావరకు పుడతాయి.

అపోహ: సూచనలు సరిగ్గా పాటిస్తే మొదటి మోడల్‌గానే పెద్ద యుద్ధనౌక కట్టేయొచ్చు.

పెట్టె మీద బ్రిటిష్ యుద్ధనౌక హెచ్ఎంఎస్ విక్టరీ బొమ్మ చూస్తే ఎవరికైనా మనసు ఆగదు, నిజమే. కానీ 1765లో నీళ్లలోకి దిగిన ఆ ఓడకి 104 ఫిరంగులు, మూడు మాస్ట్‌లు (తెరచాప స్తంభాలు), లెక్కపెట్టలేనన్ని కప్పీలు. అక్కడ కష్టమైన పని అంటూ వేరే ఏదీ ఉండదు, ఒకే చిన్న పనిని వందల సార్లు ఒకే తీరుగా చేయాలి, అదే మనిషిని అలసగొడుతుంది. ఒకటి లేదా రెండు మాస్ట్‌ల పడవతో మొదలుపెట్టండి. పలకలు వేయడం, డెక్, మాస్ట్, తాళ్లు అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. చిన్నదైతే చాలు అని మాత్రం అనుకోకండి, ముక్కు బాగా గుండ్రంగా ఉన్న పడవకి పలకలు వంచడం చాలా కష్టం. ముక్కు కాస్త కోసుగా ఉన్నది చూసుకోండి.

అపోహ: పలకలు కిట్‌లో ఎలా ఇచ్చారో అలాగే పైనుంచి కిందికి అంటించుకుంటూ పోవాలి.

మోడళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఓడ నడుం దగ్గర డెక్ అంచు నుంచి కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్ను దూలం) దాకా కాగితపు పట్టీ పెట్టి కొలవండి, తర్వాత ముక్కు దగ్గర కొలవండి. ముక్కు దగ్గర చాలా తక్కువ వస్తుంది. నడుం దగ్గర ఇరవై పలకలు పట్టే ఓడకి ముక్కు దగ్గర పన్నెండుకే చోటు నిండిపోవచ్చు. ఇరవయ్యూ ముక్కు దాకా వెళ్లాలంటే ప్రతి పలకా ముందుకి పోయేకొద్దీ సన్నబడాలి, వేరే దారి లేదు. సన్నబరచకుండా అంటిస్తే మూడో నాలుగో వరుసకే పలకలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కడం మొదలవుతుంది, అప్పుడు బలవంతంగా నొక్కి మేకులు కొట్టేస్తారు, ఆ ఒత్తిడి కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. వెనక భాగంలో చాలా ఓడలకి దీనికి తలకిందులుగా, చోటు ఎక్కువై పలకలు చాలవు, అక్కడ మొన తేలిన చిన్న ముక్కలు మధ్యలో చేర్చాలి. పలక అసలు వెడల్పులో సగానికంటే సన్నబడే పరిస్థితి వస్తే రెండు పలకల్ని కలిపి ఒకటిగా ముందుకి పంపండి. అసలు ఓడలు కట్టినవాళ్లూ అంతే చేశారు.

వీటన్నిటికంటే ముందు బల్క్‌హెడ్‌ల (కీల్ మీద అడ్డంగా నిలబెట్టే, ఓడకి ఆకారాన్నిచ్చే చెక్క చట్రాల) అంచుల్ని సాండ్‌పేపర్‌తో వాలుగా అరగదీయాలి. సన్నటి పలక ఒకటి తీసుకుని ముక్కు నుంచి వెనక దాకా ఆనించి చూడండి, ప్రతి బల్క్‌హెడ్ మీదా అంచంతా ఆనాలి, ఎక్కడా గాల్లో ఉండకూడదు. ఈ పనికి రెండు వారాలు పట్టినా ఫర్వాలేదు. ఇంకో మాట, ఒక వైపు పూర్తిగా వేసి రెండో వైపు మొదలుపెట్టకండి, కీల్ వంకర తిరుగుతుంది. ఎడమ ఒకటి, కుడి ఒకటి, అలా వేసుకుంటూ పోండి.

అపోహ: పలకల్ని రాత్రంతా నీళ్లలో నానబెడితే చక్కగా వంగుతాయి.

చెక్కని వంచేది ప్రధానంగా వేడి. సన్నటి పలకకి కాసేపు తడి చాలు, తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తోనో పలకలు వంచే ఇస్త్రీతోనో వేడి పట్టించి వంచి, ఆ ఆకారంలోనే క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి. ఎక్కువ నానితే చెక్క ఉబ్బుతుంది, ఉబ్బినదాన్ని అలాగే అంటిస్తే ఆరాక కుంచించుకుని పలకల మధ్య సందులు పడతాయి.

అపోహ: ఎంత ఎక్కువ వివరం చూపిస్తే మోడల్ అంత గొప్పది.

ఇది నాకు బాగా బాధ కలిగించే అపోహ, ఎందుకంటే ఎంతో శ్రమ పడి మరీ మోడల్‌ని చెడగొట్టుకుంటారు. 1:64 స్కేల్ తీసుకుందాం, అంటే మోడల్ అసలు ఓడలో 64వ వంతు. అసలు ఓడలో పలకని బిగించే చెక్క మేకు ఒకటిన్నర అంగుళం మందం ఉందనుకుంటే మోడల్‌లో అది 0.6 మిల్లీమీటర్లు. మీరు మిల్లీమీటరు తల ఉన్న ఇత్తడి మేకు కొట్టి అలాగే మెరిసేలా వదిలేస్తే, అసలు ఓడ మీద 64 మిల్లీమీటర్ల తల ఉన్న మేకు కొట్టినట్టు. డెక్ పలకల మధ్య నల్లటి తారు గీత అసలులో ఒక సెంటీమీటరు లోపే, మోడల్‌లో అది 0.15 మిల్లీమీటర్లు, పలక అంచుకి పెన్సిల్ రుద్దితే చాలు, నల్ల దారం పెట్టక్కర్లేదు.

ఓడ అడుగు భాగానికి తొడిగే రాగి రేకులదీ ఇదే కథ. బ్రిటిష్ నౌకాదళం 1761లో హెచ్ఎంఎస్ అలార్మ్ మీద రాగి తొడుగు వేసి చూసింది, 1780ల నాటికి అది మామూలైంది. ఒక్కో రేకు నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు, అంటే 1:64లో 19 మిల్లీమీటర్లకి ఐదున్నర. ఆ రేకుల మేకుల తలలు దాదాపు రేకుతో సమంగా ఉండేవి. కిట్‌లలో వచ్చే రేకుల మీద మొటిమల్లా పైకి లేచిన మేకులు అసలు ఓడ మీద ఎక్కడా కనిపించవు.

నేను వాడే పరీక్ష ఒకటుంది. 1:64 మోడల్‌ని అర మీటరు దూరం నుంచి చూడటమంటే అసలు ఓడని 32 మీటర్ల దూరం నుంచి చూడటం. అంత దూరం నుంచి కనిపించని వస్తువుని మోడల్ మీద చూపించాలా వద్దా అని ప్రతిసారీ మిమ్మల్ని మీరే అడగండి.

అసలు ఓడ ఓక్ చెక్కది కాబట్టి మోడల్‌కీ ఓక్ చెక్కే వాడాలనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. ఓక్ రంధ్రాలూ గీతలూ చెక్క చిన్నదైనంత మాత్రాన చిన్నవి కావు. అందుకే పియర్, బాక్స్‌వుడ్ లాంటి నున్నటి చెక్కలు మోడలర్లకి ఇష్టం. బాల్సా మాత్రం వద్దు, మరీ మెత్తన, అంచు నిలవదు.

అపోహ: కిట్ ప్లాన్‌లో ఉన్నదే చరిత్ర.

కొలంబస్ శాంటా మరియాకీ, 1620 నాటి మేఫ్లవర్‌కీ అసలు ప్లాన్లు ఏవీ మిగల్లేదు. మీరు కడుతున్నది ఆ కాలపు ఓడల్ని చదివి ఎవరో చేసిన ఊహ, అది తెలిసి కడితే తప్పేమీ లేదు. ఓడే చేతికి చిక్కినా అనుమానాలు తీరవు. 1628లో మునిగిన స్వీడన్ యుద్ధనౌక వాసాని 1961లో పైకి తీశారు, దాని శిల్పాల వెనక రంగు నీలం అని చాలాకాలం అనుకున్నారు, తర్వాత రంగు అవశేషాల్ని పరీక్షిస్తే ఎరుపు అని తేలింది. పాత కిట్ల బొమ్మల్లో నీలమే ఉంటుంది.

అపోహ: రిగ్గింగ్ (మాస్ట్‌లకీ తెరచాపలకీ తాళ్లు కట్టడం) అంటే ముడులు, చేతివాటం ఉంటే చాలు.

ముడులు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. తాడు మందమే అసలు సమస్య. పాత పట్టికల్లో తొమ్మిది అంగుళాల తాడు అని ఉంటే అది చుట్టుకొలత, మందం కాదు. 3.14తో భాగిస్తే మందం మూడంగుళాల లోపే, 1:64లో 1.1 మిల్లీమీటర్లు. తొమ్మిదిని మందం అనుకున్నవాళ్లు మూడున్నర మిల్లీమీటర్ల దారం కడతారు, ఓడంతా బరువుగా కనిపిస్తుంది. మాస్ట్‌ని నిలబెట్టే తాళ్లకి తారు పూసేవారు కాబట్టి ముదురు రంగు, తెరచాపల్ని తిప్పే తాళ్లకి లేత రంగు. నావికులు ఎక్కే అడ్డతాళ్ల మధ్య దూరం 13 నుంచి 15 అంగుళాలు, అంటే ఐదారు మిల్లీమీటర్లు. మనిషి కాలు అక్కడ పెట్టి ఎక్కాలి అని గుర్తుంటే కొలత తప్పదు.

అపోహ: తెరచాపలు లేకపోతే మోడల్ అసంపూర్ణం.

కాదు. మామూలు గుడ్డ నేత ఏ స్కేల్‌కైనా ముతకే, పైగా కష్టపడి కట్టిన డెక్‌నీ తాళ్లనీ కప్పేస్తుంది. కావాలంటే పల్చటి టిష్యూ కాగితంతో చుట్టి కట్టిన తెరచాపలు పెట్టండి.

అపోహ: సూపర్ గ్లూ ఉంటే పని తొందరగా అవుతుంది.

అవుతుంది, తప్పు కూడా తొందరగానే గట్టిపడుతుంది. అది పాకిన చోట చెక్క తర్వాత రంగు పీల్చదు. తెల్ల పీవీఏ జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి విప్పుకోవచ్చు. పైకి కనబడే రెండో పొర పలకలు వేసేటప్పుడైతే నేను సూపర్ గ్లూ దగ్గరికి కూడా పోను.

అపోహ: ఖరీదైన మెషిన్లు కావాలి.

ఇంగ్లండ్‌లోని నార్మన్ క్రాస్ శిబిరంలో 1797 నుంచి 1814 మధ్య ఉన్న యుద్ధఖైదీలు, తినగా మిగిలిన ఎముకలతో ఓడలు చెక్కారు. అవి ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. మంచి కత్తి, ఉక్కు స్కేలు, చిన్న చిత్రిక, చేతి డ్రిల్, ట్వీజర్స్, బోలెడన్ని క్లిప్పులతో మొదలుపెట్టండి. మిగతావి అవసరం పడినప్పుడు కొనుక్కోవచ్చు.

అపోహ: గాలి చొరబడని గాజు పెట్టెలో పెడితే మోడల్ ఎప్పటికీ భద్రం.

గాజు పెట్టె తప్పకుండా ఉండాలి, దుమ్ము పట్టిన తాళ్లని శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం. కానీ పూర్తిగా మూసేస్తే ఓక్ లాంటి చెక్కల నుంచీ కొన్ని జిగుర్ల నుంచీ వచ్చే ఆమ్లపు ఆవిరి లోపలే పేరుకుంటుంది. సీసంతో పోసిన ఫిరంగులూ లంగర్లూ ఉంటే వాటి మీద తెల్లటి పొడి పడుతుంది, కొన్నేళ్లకి అవి లోపలి నుంచి పొడిపొడి అయిపోతాయి. పాత మోడళ్లలో మ్యూజియంలకి ఇదో పెద్ద బెడద. సీసం బదులు ఇత్తడి వాడండి, పెట్టె పీఠాన్ని ఓక్‌తో చేయించకండి, నేరుగా ఎండ తగిలే చోట పెట్టకండి. పీఠం కింది వైపు కనబడకుండా రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి వాటికి సన్నటి గుడ్డ అంటిస్తే గాలి ఆడుతుంది, దుమ్ము రాదు.