వారానికి 67 పౌండ్ల 50 పెన్నీలు

నయాగరా జలపాతం దగ్గర రెయిన్‌బో బ్రిడ్జి ఉంది. ఇటు అమెరికా, అటు కెనడా. బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసి, జీతంలోంచి ఒకే లెక్కన నేషనల్ ఇన్సూరెన్స్ అనే ప్రభుత్వ బీమా చందా కట్టిన ఇద్దరు రిటైరయ్యాక ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు ఇల్లు తీసుకున్నారనుకోండి. అమెరికా వైపు ఉన్నాయన స్టేట్ పెన్షన్, అంటే బ్రిటన్ ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పింఛను, ఏటా ఏప్రిల్‌లో పెరుగుతుంది. కెనడా వైపు ఉన్నాయనది మొదట ఎంత వచ్చిందో చివరిదాకా అంతే.

తక్కువ ఖర్చుతో విదేశంలో విశ్రాంత జీవితం గడపాలనుకునేవాళ్లు ముందు అద్దె ఎంత, కూరగాయల ధర ఎంత అని అడుగుతారు. బ్రిటిష్ పింఛనుదారు మాత్రం అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఆ దేశానికి వెళితే నా పింఛను పెరుగుతుందా? ఫిలిప్పీన్స్‌లో పెరుగుతుంది, థాయ్‌లాండ్‌లో పెరగదు. జమైకాలో పెరుగుతుంది, ట్రినిడాడ్‌లో పెరగదు. దీని వెనక ధరల లెక్కేమీ లేదు. ఉన్నది పాత ఒప్పందాల చరిత్ర.

నేటి నేషనల్ ఇన్సూరెన్స్ పథకం 1948 జూలైలో మొదలైంది. పింఛను బయటి దేశాలకు పంపడానికి బ్రిటన్ ఒప్పుకుంది కానీ, ఏటా ఇచ్చే పెంపు మాత్రం చట్టమో ఒప్పందమో తప్పనిసరి చేసిన చోటే ఇస్తామంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కొన్ని దేశాలతో పెంపు ఉండే పరస్పర ఒప్పందాలు కుదిరాయి, కొన్నింటితో కుదరలేదు, ఇంకొన్నింటితో ఒప్పందం ఉన్నా అందులో పెంపు లేదు. ఐరోపా దేశాలకు ఉమ్మడి నిబంధనల వల్ల పెంపు దక్కింది. బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా వలసవెళ్లిన కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలే బయట మిగిలాయి. భారత్‌ కూడా. ఇలా పింఛను గడ్డకట్టుకుపోయినవాళ్లు దాదాపు 4.5 లక్షల మంది.

ఆస్ట్రేలియా ఊరుకోలేదు. బ్రిటన్ పెంచని లోటును తన సొంత వృద్ధాప్య పింఛనుతో పూడ్చాల్సి వస్తోందని, 2001లో ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. అయినా లండన్ కదల్లేదు.

కోర్టు దాకా వెళ్లిన వాళ్లలో ఆనెట్ కార్సన్ కేసు ముఖ్యమైంది. ఆమె 1989లో దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడినుంచి కూడా స్వచ్ఛందంగా చందా కడుతూ వచ్చారు. 2000లో పింఛను మొదలైంది, వారానికి 67.50 పౌండ్లు. అక్కడే ఆగింది. 2005లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయారు. 2010 మార్చిలో ఐరోపా మానవ హక్కుల కోర్టు విస్తృత ధర్మాసనం (గ్రాండ్ చాంబర్) కూడా 11-6 ఓట్లతో కాదంది. కట్టిన చందాకీ వచ్చే పింఛనుకీ ప్రైవేటు పథకాల్లో లాంటి నేరుగా సంబంధం లేదని, బ్రిటన్‌లో ఉండేవారితో బయట ఉండేవారిని పోల్చలేమని తీర్పు సారాంశం. చట్టం లెక్కలో అది సరే కావచ్చు. నాకు మాత్రం మింగుడు పడదు. చందా తీసుకునేటప్పుడు ఆమె ఏ దేశంలో ఉందో అడ్డు రాలేదు కదా.

2000లో 67.50 పౌండ్లున్న అదే బేసిక్ పెన్షన్ 2025 ఏప్రిల్‌ నాటికి బ్రిటన్‌లో 176.45 పౌండ్లయింది. వారానికి 108.95 తేడా, అంటే ఏడాదికి 5,600 పౌండ్ల పైనే. 2011 నుంచి ట్రిపుల్ లాక్ వచ్చాక ఈ అగాధం ఇంకా పెరిగింది. ధరలు, జీతాలు, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచుతారు మరి. ఇందులో అన్యాయంగా తోచేదేమిటంటే, వయసు ఎంత ఎక్కువైతే పింఛను అంత తక్కువ. 1995లో తీసుకోవడం మొదలుపెట్టినవారికి 58.85 దగ్గరే ఆగిపోయింది.

మన తెలుగువాళ్లలోనూ బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో దశాబ్దాలు పనిచేసి స్వదేశానికి తిరిగొచ్చిన డాక్టర్లున్నారు. వాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగ పింఛను వేరు, అది ఎక్కడున్నా ఏటా పెరుగుతుంది. స్టేట్ పెన్షన్ పెరగదు. ఈ రెండూ ఒకటే అనుకుని బడ్జెట్ వేసుకుంటే లెక్క తప్పుతుంది. తిరిగొచ్చిన ఏడాది ఆ డబ్బుతో ఇల్లు గడిచిపోయి ఉండొచ్చు. ఇరవై ఏళ్లయ్యాక, రాత్రీ పగలూ దగ్గరుండి చూసుకునే ఆయా జీతం, మందుల బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అన్నీ పెరిగి ఉంటాయి. బ్యాంకులో పడే పౌండ్ల అంకె మాత్రం అదే. మళ్లీ బ్రిటన్‌కే వెళ్లి స్థిరపడితే పింఛను ఇప్పటి రేటుకు వస్తుంది. కానీ ఎనభై ఏళ్ల వయసులో ఊరూ మనుషుల్నీ వదిలి, ఆ చలిలోకి ఎవరు వెళతారు?