నాన్న ‘కాలికేమైంది?’ అని ఎందుకు అడిగారు

ఒకావిడ ఈమధ్య నాకొక ప్రశ్న పంపారు. వాళ్ల నాన్నగారికి గొంతు క్యాన్సర్. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు, ఇంకో డోసు మిగిలుంది. రెండో డోసు అయిన కొన్నాళ్లకి ఈవిడ ‘పాలు తాగుతావా?’ అంటే ఆయన ‘కాలికేమైంది?’ అన్నారట. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. మామూలుగా చెబితే ‘ఏంటీ?’ అంటారు, గట్టిగా చెబితే ‘ఎందుకలా అరుస్తావు’ అని కోప్పడతారు. వీధిలో లారీ వెళితే వినపడుతుంది, కూతురి మాట మాత్రం వినపడదు. ‘కావాలని చేస్తున్నారా? నాకసలు అర్థం కావట్లేదు’ అని ఆవిడ బాధ.

కావాలని చేయట్లేదండీ. మామూలు మాట వినపడకపోవడం, గట్టి మాట భరించలేకపోవడం, ఈ రెండూ ఒకే జబ్బు. అదెలాగో చెప్పాలంటే నాకు చాలా ఇష్టమైన ఒక కణం గురించి చెప్పాలి.

కర్ణభేరి, మూడు బుల్లి ఎముకలు, ఇవన్నీ వదిలేస్తున్నాను. బడిలో బొమ్మ గీసి భాగాలు గుర్తించాం కదా, ఆ బొమ్మలో నత్తగుల్ల (కాక్లియా) దాకా వచ్చి ఒక బాణం గీత గీసి చేతులు దులుపుకున్నాం. అసలు కథ మొదలయ్యేదే అక్కడ. రెండున్నర చుట్లు తిరిగి ఉండే ఆ గుల్లలో ఒక పొర, దాని మీద రోమకణాలు, అంటే తల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉండే కణాలు. లోపలి వరసలో దాదాపు 3,500, వెలుపలి మూడు వరసల్లో దాదాపు 12,000. విచిత్రం ఏంటంటే, మెదడుకి కబురు మోసుకెళ్లే నరాల్లో నూటికి తొంభైకి పైగా లోపలి వరసకే అతుక్కుని ఉంటాయి. మరి ఆ పన్నెండు వేలమందీ అక్కడ ఏం చేస్తున్నట్టు?

బెకెషీ అనే ఆయన నత్తగుల్లలో శబ్దం అలలా ఎలా పాకుతుందో చూపించి 1961లో నోబెల్ తీసుకున్నాడు. కానీ ఆయన చూసినవి చనిపోయినవాళ్ల చెవులు. వాటిలో అల మొద్దుగా, వెడల్పుగా ఉండేది. బతికున్న చెవి రెండు స్వరాల మధ్య అంత సన్నటి తేడాని ఎలా పట్టేస్తుందో ఆ అల చెప్పలేకపోయింది. 1985లో బ్రౌనెల్ అనే శాస్త్రవేత్త వెలుపలి రోమకణానికి కరెంటు తగిలించి చూస్తే అది పొడుగూ పొట్టీ అవుతూ గెంతింది. ఆ గెంతు వెనకున్న ప్రోటీన్ 2000లో దొరికింది, పేరు ప్రెస్టిన్. అంటే వెలుపలి కణాల ముఖ్యమైన పని వినడం కాదు, ఊపడం.

ఉయ్యాల అనుకోండి. నత్తగుల్ల పొర పొడుగునా వేలాది ఉయ్యాలలు వేలాడుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో లయ. మొదట్లో ఉన్నవి సెకనుకి 20,000 సార్లు ఊగేవి, చివర చుట్టులో ఉన్నవి 20 సార్లు ఊగేవి. ఇవన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి కాబట్టి ఒక్క తోపు తోస్తే వెంటనే ఆగిపోతాయి. అందుకే ఒక్కో ఉయ్యాల వెనకా ఊపేవాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లే వెలుపలి కణాలు. చిన్న గాలి తగిలి ఉయ్యాల కదిలిందా, సరిగ్గా అది వెనక్కొచ్చిన క్షణంలో ఒక తోపు, మళ్లీ ఒక తోపు. గుసగుస కూడా వినపడేంత ఊపు అలా వస్తుంది. ఉయ్యాల అప్పటికే జోరుగా ఊగుతుంటే వీళ్లు పెద్దగా కలగజేసుకోరు. చిన్న శబ్దానికి బోలెడంత సాయం, పెద్ద శబ్దానికి దాదాపు ఏమీ లేదు. ఇంకో సంగతి, ఎవరి ఉయ్యాల లయలో వాళ్లు తోస్తారు కాబట్టి పక్క ఉయ్యాల అంతగా కదలదు, శబ్దం సూదిమొనలా ఒకచోటే తేలుతుంది.

ఇప్పుడు ఊపేవాళ్లని తీసేయండి. ఉయ్యాలలు అలాగే ఉన్నాయి, చూసి చెప్పేవాళ్లూ (లోపలి కణాలు) ఉన్నారు. చిన్న గాలికి ఏదీ కదలదు, ఇదే ‘ఏంటీ?’. పెద్ద గాలి వీస్తే కదులుతాయి, కానీ ఒకటి కాదు, చుట్టుపక్కలవన్నీ కలిసి ఊగుతాయి, ఇది ‘వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు’. పెద్ద శబ్దానికి ఎలాగూ ఊపేవాళ్ల అవసరం లేదు కాబట్టి అది ఇదివరకటి మోతతోనే తగులుతుంది, ఇది ‘ఎందుకలా అరుస్తావు’. ఏమీ వినపడకపోవడానికీ చెవులు పగిలిపోవడానికీ మధ్య ఇదివరకు పెద్ద మైదానం ఉండేది, ఇప్పుడు సన్న గట్టు మిగిలింది. మీరు అరిస్తే ఆ గట్టు దాటేస్తున్నారు.

సిస్‌ప్లాటిన్ ముందు చంపేది ఈ ఊపేవాళ్లనే, అదీ గుల్ల మొదట్లో ఉన్నవాళ్లని. దాంతో పై స్థాయి (కీచు) శబ్దాలు ముందు పోతాయి, లారీ మోత లాంటి కింది స్థాయివి నిలుస్తాయి. భాషలో దీని దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని సంధుల కోసం బట్టీ పట్టించారు మనకి, చెవికి దాంతో సంబంధం ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు. సరళాలు పలికేటప్పుడు గొంతులో తంత్రులు మోగుతాయి, ఆ మోత వంద, రెండు వందల హెర్ట్జ్ (సెకనుకి అన్ని ఊపులు) దగ్గర ఉంటుంది కాబట్టి క్షేమం. పరుషాలకి ఆ మోత లేదు, ఉన్నదల్లా క్షణంలో పేలిపోయే గాలి. ఇక ‘స’ అయితే దాని బలమంతా దాదాపు 4,000 హెర్ట్జ్ పైనే. పాలు, కాలు, తాలు, చాలు, వీటిలో మొదటి హల్లు చెరిపేస్తే మిగిలేది అదే ‘ఆలు’. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి అని మురిసిపోతాం కదా, ఇక్కడ అదే కొంప ముంచింది, మాట తోక బాగా వినపడుతుంది, తల వినపడదు. ‘తాగుతావా, తింటావా, పడుకుంటావా’ అన్నిట్లో చివరి ‘ఆవా’ అందుతుంది. నన్నేదో అడిగారని తెలుస్తుంది, ఏం అడిగారో తెలియదు. ‘ఊ’ అనేస్తారు. డాక్టరు మాస్కులోంచి ‘జ్వరం తగ్గిందా’ అని అడిగినా అదే ‘ఊ’. భయపడాల్సింది దీనికి.

క్యాన్సర్ కణాలంటే గబగబా విభజన చెందుతాయి, డీఎన్‌ఏకి ప్లాటినం అతుక్కుంటే చస్తాయి. రోమకణం విభజనే చెందదు కదా, అదెందుకు చావాలి? మందు CTR1, OCT2 లాంటి ద్వారాల గుండా కణంలోకి దూరుతుంది, నత్తగుల్లలో ఎక్కువగా ఉండే NOX3 అనే ఎంజైమ్‌ని రెచ్చగొడుతుంది, విషపు ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా చెడి కణం తనను తానే చంపుకుంటుంది. పైగా ఇతర అవయవాలు ప్లాటినంని చాలావరకు రోజుల్లో, వారాల్లో వదిలించుకుంటే నత్తగుల్ల దాన్ని నెలలు, ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చుంటుందని 2017లో తేలింది. అందుకే కీమో అయిపోయాక కూడా వినికిడి ఇంకా తగ్గొచ్చు, పరీక్షలు ఆపకూడదు.

పక్షుల్లో రోమకణాలు మళ్లీ మొలుస్తాయి, మనలో మొలవవు. చెవిలో గోరువెచ్చని నూనె పోస్తే సరిపోతుందనే పెద్దమనుషులు మీకూ తగిలే ఉంటారు. నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది, గుల్ల దాని అవతల ఎముకలో ఉంది. కీమోలో తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు చెవిలో ఇన్ఫెక్షన్ తెచ్చుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

చేయగలిగిన మొదటి పని, వచ్చే డోసు కంటే ముందే క్యాన్సర్ డాక్టరుకి చెప్పడం. మందు ఆపేస్తారేమో అని చాలామంది దాస్తారు. ఆపాలా, డోసు తగ్గించాలా, కొన్ని క్యాన్సర్లలో చేస్తున్నట్టు చెవికి తక్కువ హాని చేసే కార్బోప్లాటిన్‌కి మారాలా అన్నది వాళ్లు లెక్క వేసి చెబుతారు, ఆ లెక్కలో చెవి కూడా ఉండాలంటే వాళ్లకి తెలియాలి. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ తోడైతే దెబ్బ పెరుగుతుంది, అది కూడా అడగండి. పిల్లల విషయంలో కొంచెం మంచి కబురు ఉంది. సిస్‌ప్లాటిన్ ఎక్కించిన 6 గంటలకి సోడియం థయోసల్ఫేట్ ఇస్తే, కాలేయ క్యాన్సర్ ఉన్న పిల్లలపై జరిగిన ఒక ట్రయల్‌లో వినికిడి నష్టం 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. 2022లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది, అయితే క్యాన్సర్ వేరేచోటికి పాకని పిల్లలకే.

పరీక్ష అంటే మామూలు ఆడియోగ్రామ్ 8,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, దెబ్బ మొదలయ్యేది దాని పైన. 16,000 దాకా చూసేది ఉందేమో అడగండి. ఇంకొకటి నాకు తెగ ముద్దొచ్చే పరీక్ష, పేరు ఓఏఈ (OAE). ఊపేవాళ్లు ఊపేటప్పుడు ఉయ్యాల కిర్రుమన్నట్టు చెవిలోంచి బయటకి సన్నటి శబ్దం వస్తుంది, 1978లో కెంప్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. చెవి చప్పుడు చేస్తుందంటే మొదట్లో చాలామంది నమ్మలేదు! చెవిలో చిన్న శబ్దం వినిపించి, చిన్న మైకుతో తిరిగొచ్చేది వింటే చాలు, నీరసంగా పడుకున్న మనిషి బటన్ నొక్కక్కర్లేదు.

ఇంట్లో అయితే, అరవకండి. టీవీ కట్టేయండి, ఎందుకంటే ఊపేవాళ్లు లేని ఉయ్యాలల్ని టీవీ కూడా ఊపేస్తోంది. ముందు పేరు పెట్టి పిలిచి, ఆయన మీ వైపు తిరిగాక, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చుని మామూలు గొంతుతో చెప్పండి. ‘ప’కీ ‘క’కీ తేడా పెదాల్లో కనపడుతుంది. అదే మాట మూడుసార్లు చెప్పే బదులు వేరే మాటల్లో చెప్పండి, ‘పాలు’ బదులు ‘గ్లాసెడు పాలు తెమ్మంటావా’. ‘ఏం లేదులే’ అని మాత్రం అనకండి, వినపడనివాళ్లు పెదాల మీద అన్నిటికంటే ముందు చదవడం నేర్చుకునేది ఆ మాటే. మందుల వేళలు కాగితం మీద రాయండి, ఆస్పత్రిలో ‘ఊ’ అన్నప్పుడల్లా ‘డాక్టరుగారు ఏమడిగారు నాన్నా?’ అని తిరిగి చెప్పించండి. సాయంత్రానికి ఆయన ముభావంగా ఉంటే అలిగారని అనుకోకండి. ఎగిరిపోయిన హల్లుల్ని రోజంతా ఊహించి పూరించుకోవడం పెద్ద చాకిరీ, అదీ కీమో నీరసం మీద.

ఆవిడ చివర్లో ఇంకోటి అడిగారు, హియరింగ్ ఎయిడ్ ఇప్పుడే తీసుకోవాలా, కీమో అంతా అయ్యాకా అని. ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించే నిపుణులు) అవసరమని చెబితే ఆగక్కర్లేదు. మళ్లీ పరీక్ష చేసినప్పుడల్లా మార్చి సెట్ చేయగలిగేది తీసుకోండి. చిన్న శబ్దాన్ని బాగా పెంచి పెద్దదాన్ని అలాగే వదిలేస్తుంది అది, ఊపేవాళ్లు చేసే పనిలో సగం. మిగతా సగం, ఆ సూదిమొన, దాని చేతిలో లేదు. పెట్టుకున్నాక కూడా నలుగురు ఒకేసారి మాట్లాడితే ఆయనకి అందదు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాల్సిందే.