పచ్చ సూది, ఇటుకరంగు సూది

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న అరకులో పైన్ చెట్ల కింద చిన్నది నా చేతిలో రెండు సూదులు, అంటే సూదుల్లాంటి పైన్ ఆకులు, పెట్టింది. ఒకటి నిగనిగలాడే పచ్చన. రెండోది కొన నుంచి సగం దాకా ఇటుకరంగుకు తిరిగింది. "ఒకే కొమ్మవి కదా తాతయ్యా, దీనికే ఎందుకిలా?" అంది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. విశాఖ చేరాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నా చిన్నప్పుడు భీమిలిలో మాది తాటాకిల్లు. ఒడ్డున రాలిన సరుగుడు ఆకును గోనెసంచిలో కూరి తేవడం నా పని. (ఆకు అంటాం గానీ అవి సన్నని రెమ్మలు, గణుపు దగ్గర లాగితే ఊడివస్తాయి. సరుగుడు పైన్ జాతి కాదు.) పొయ్యిలో వేయగానే చిటపటమని రవ్వలు లేచేవి. అమ్మ తడిగుడ్డతో రవ్వను కిందికి కొట్టేది. నేల మీద ఇంకా కణకణలాడుతుంటే నాన్నమ్మ చెంబులోంచి నీళ్లు చిలకరించేది. వంట అయ్యేదాకా ఇద్దరికీ కన్ను తిప్పే వీలుండేది కాదు. నాకు మాత్రం అన్నం ఉడకడమే కనిపించేది.

సూదిలోనూ వంటే జరుగుతుంది, ఎండతో చెట్టు తన ఆహారం వండుకుంటుంది. ఎండ అవసరానికి మించితే ఆక్సిజన్‌లో కొంత నిప్పురవ్వలా మారుతుంది. దాన్ని సూపరాక్సైడ్ అంటారు. దాన్ని పట్టే ఎంజైము (కణాల్లో రసాయన మార్పులను వేగంగా జరిపించే ప్రోటీన్) సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, అంటే మా అమ్మ. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు దాని పనిని కనిపెట్టారు. అది రవ్వను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అదీ నిప్పే. కేటలేజ్ వంటి ఎంజైములు నాన్నమ్మలా వచ్చి దాన్ని నీరు చేస్తాయి.

వానలు లేకపోయినా, చలి గడ్డకట్టించినా, పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తగిలినా రవ్వలు పెరుగుతాయి. అప్పుడు తరచుగా ఈ ఎంజైముల పని కూడా మొదట జోరందుకుంటుంది. కాబట్టి పచ్చగా ఉన్నదానికి కష్టం లేదనుకోకండి, మనుషుల విషయంలోనూ అంతే. దెబ్బ మరీ పెద్దదైతే అమ్మ, నాన్నమ్మల చేతులు పడిపోతాయి, కప్పు అంటుకుంటుంది, అంటే సూది ఇటుకరంగుకు తిరుగుతుంది. వయసు తీరి పండి రాలే సూదులూ ఉంటాయనుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక మన ఊళ్లో కూలకుండా నిలిచిన చెట్లు సైతం మంటలో కమిలినట్టు కనిపించాయి. అమ్మానాన్నలను అడగండి.

మందుల దుకాణంలో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. అప్పుడే కోసిన బంగాళదుంప ముక్క మీద నాన్న చేత నాలుగు చుక్కలు వేయించండి. తెల్లని నురగ పొంగుతుంది. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. అది దుంపలోని కేటలేజ్ పని. తరువాత బాగా ఉడికించి చల్లార్చిన ముక్క మీద వేయించి, ఏమైందో నాకు రాయండి.

మీ తాతయ్య